కడ్డీ వంగదు

1952 సెప్టెంబరు 23న అమెరికాలోని నాష్‌విల్‌లో, టులేన్ హోటల్లో ఉన్న కాసిల్ స్టూడియోలో హ్యాంక్ విలియమ్స్ నాలుగు పాటలు రికార్డు చేశాడు. అదే ఆయన చివరి రికార్డింగు. సరిగ్గా వంద రోజులకు, 1953 జనవరి 1న, ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు. ఆ నాలుగు పాటల్లో ‘యువర్ చీటిన్ హార్ట్’ ఒకటి. ఆ పాటను ఎత్తుకునేది హ్యాంక్ గొంతు కాదు, డాన్ హెల్మ్స్ స్టీల్ గిటారు. పై స్థాయిలో, సన్నగా, కోతగా వినిపించే రెండు మూడు స్వరాలు కలిసి జారుతూ వస్తాయి. అమెరికన్ కంట్రీ సంగీతం అనగానే చాలామందికి చెవిలో మోగేది ఆ ధ్వనే. ఇందులో పదాలు పాడేది గాయకుడైతే, ఏడ్చే పని స్టీల్ గిటారుది.

హెల్మ్స్ వాయించింది గిబ్సన్ కంపెనీ చేసిన కన్సోల్ గ్రాండే అనే వాద్యం. పక్కపక్కన రెండు మెడలు, ఒక్కో మెడకు ఎనిమిది తీగలు. తీగలు చెక్క మీద ఎత్తుగా ఉంటాయి, వేలితో నొక్కినా మెట్లకు తగలవు. అసలు మెట్లే ఉండవు, వాటి చోట గీసిన గుర్తులుంటాయి. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకు తొడుగులు. కాలి కింద ఏ పెడలూ లేదు. పెడళ్లున్న స్టీల్ గిటారు కంట్రీ సంగీతాన్ని ఆక్రమించడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఈ అధ్యాయం అంతకు ముందున్న వాద్యం గురించి. ముఖ్యంగా, దాని తీగలను ఏ స్వరాలకు బిగించాలన్న ప్రశ్న గురించి. వినడానికిది వాద్యకారుల సొంత గొడవలా ఉంటుంది. నిజానికిది భౌతికశాస్త్రానికీ జ్యామితికీ సంబంధించిన చిక్కు.

చిక్కంతా కడ్డీలో ఉంది. మామూలు గిటారు మీద నాలుగు వేళ్లతో నాలుగు తీగలను నాలుగు చోట్ల నొక్కవచ్చు. కాబట్టి తీగలను ఎలా బిగించినా, కావలసిన స్వరసముదాయాన్ని (దాన్నే కార్డ్ అంటారు) వేళ్లు వెతుక్కోగలవు. స్టీల్ గిటారు మీద ఎనిమిది తీగలకూ కలిపి ఒకటే కడ్డీ. అది వంగదు. దాన్ని అడ్డంగా ఐదో మెట్టు గుర్తు మీద పెడితే, ప్రతి తీగా ఒకే నిష్పత్తిలో పొట్టిదవుతుంది, ప్రతి తీగ పౌనఃపున్యమూ ఒకే గుణకంతో పెరుగుతుంది. తీగల మధ్య సంబంధం మాత్రం అలాగే ఉండిపోతుంది. విడి తీగల మీద ఏ కార్డ్ పలుకుతుందో, మెడ పొడవునా ఎక్కడ కడ్డీ పెట్టినా అదే కార్డ్ పలుకుతుంది, ఎత్తు మాత్రమే మారుతుంది. అంటే వాద్యకారుడు పాటలో పలకబోయేదంతా, పాట మొదలుకాకముందే, బిరడాలు తిప్పేటప్పుడే చాలావరకు నిర్ణయమైపోతుంది.

మన గోటువాద్యం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది: మెట్లు లేని మెడ, తీగ మీద జారే నున్నని దిమ్మ. కానీ గోటువాద్యం విద్వాంసుణ్ణి ఈ ప్రశ్న ఎప్పుడూ ఇంతగా వేధించలేదు. కర్ణాటక సంగీతానికి ఒక వేళలో ఒక స్వరం చాలు, దాని చుట్టూ గమకాలు, కింద షడ్జ పంచమాల ఆధారం. వాయించే తీగ ఒకటి బాగుంటే జారు, కంపితం అన్నీ పలుకుతాయి. కంట్రీ పాటకు అలా కుదరదు. దానికి ఒకేసారి మూడు స్వరాలు కావాలి, అవి కలిసి జారాలి, జారి ఆగిన చోట మళ్లీ పొందికగా నిలవాలి.

ఈ వాద్యం పుట్టిల్లు హవాయి. ఒవాహు దీవిలోని లాయియే ఊరివాడైన జోసెఫ్ కెకుకు 1889 ప్రాంతంలో, విద్యార్థిగా ఉండగా, గిటారు తీగల మీద ఉక్కు ముక్క జార్చే పద్ధతిని కనిపెట్టాడని ఎక్కువమంది ఒప్పుకుంటారు. భారతదేశంలో పుట్టి హోనలూలు చేరిన గేబ్రియల్ డేవియన్ అనే అతను అంతకు ముందే అలా వాయించాడన్న వాదనా ఉంది. ఆ తగువు ఎటు తేలినా మన కథ మారదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా పసిఫిక్ ప్రదర్శనలో హవాయి బృందాలు అమెరికన్లను ఊపేశాయి. కంట్రీ సంగీతానికి తొలి పెద్ద తార అయిన జిమ్మీ రోజర్స్ 1929లో చేసిన కొన్ని రికార్డుల్లో స్టీల్ గిటారు వాయించింది జో కైపో అనే హవాయి కళాకారుడే. కౌబాయ్ టోపీల వెనక వినిపించే ఆ జారుడు పసిఫిక్ సముద్రం దాటి వచ్చిందన్నమాట.

హవాయివాళ్లు తెచ్చిన ట్యూనింగుల్లో (తీగలను బిగించే స్వరాల వరుసల్లో) బాగా వాడుకలో ఉన్నది ఎ మేజర్. మందపు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, ఇ, ఎ, సి షార్ప్, ఇ. ఆరు తీగలున్నా స్వరాలు మూడే. ఎ ని షడ్జమనుకుంటే స, గ, ప. డోబ్రో అనే, చెక్క పెట్టెలో లోహపు గిన్నె అమర్చిన గిటారుకు జి, బి, డి, జి, బి, డి అని బిగించడం ఆనవాయితీ అయింది. అదీ స గ ప లే. రాయ్ అకఫ్ బృందంలో ఆస్వాల్డ్, ఆ తర్వాత ఫ్లాట్, స్క్రగ్స్ బృందంలో జాష్ గ్రేవ్స్ దాంతోనే పేరు తెచ్చుకున్నారు. ఇందులో ఒక సుఖం ఉంది: ఎన్ని తీగలు కలిపి మీటినా తప్పు స్వరం పడదు. ఒక కష్టమూ ఉంది: మైనర్ కార్డ్ లేదు. విషాదపు పాటల సంగీతానికి విషాదపు కార్డ్ లేకపోవడం చిన్న లోటు కాదు.

కరెంటు రావడంతో పరిస్థితి మారింది. జార్జ్ బోషాం, అడాల్ఫ్ రికెన్‌బ్యాకర్ కలిసి 1931లో నమూనా చేసి, 1932లో అమ్మకానికి పెట్టిన అల్యూమినియం వాద్యం, గుండ్రంగా, పొడుగు పిడితో ఉన్నందున ‘వేపుడు పెనం’ అన్న పేరు తెచ్చుకున్నది, మార్కెట్లో నిలబడిన తొలి ఎలక్ట్రిక్ గిటారు. అది స్టీల్ గిటారే కావడం కాకతాళీయం కాదు. అప్పట్లో అమెరికాను హవాయి మోజు ఊపేస్తోంది. ఆ గిటారు జనంలో వినబడాలంటే గట్టిగా మోగాలి. 1935 జనవరిలో మిల్టన్ బ్రౌన్ బృందంతో బాబ్ డన్ చేసిన రికార్డులు కంట్రీ సంగీతంలో తొలి ఎలక్ట్రిక్ ధ్వనులు. మరుసటి ఏడు బాబ్ విల్స్ బృందంలో లియోన్ మెకాలిఫ్ ‘స్టీల్ గిటార్ రాగ్’ వాయించి దేశమంతా ఈ వాద్యం పేరు మోగించాడు.

కరెంటు పెంచింది ధ్వని మోతాదును మాత్రమే కాదు. పెట్టె గిటారులో మీటిన స్వరం చప్పున వాడిపోతుంది. ఎలక్ట్రిక్ స్టీల్లో అది నిలుస్తుంది. నిలిచిన కొద్దీ దాని లోపాలూ వినబడతాయి. రెండు స్వరాలు పొందికగా లేకపోతే వాటి మధ్య ‘వూఁ వూఁ’ మని ఊగే హెచ్చుతగ్గులు, పాఠ్యపుస్తకాల్లో విస్పందనాలు అనే ఆ ఊగులాట, స్పష్టంగా చెవికి తగులుతుంది. అప్పటిదాకా శ్రుతి సరిగా ఉంటే చాలనుకున్న వాద్యంలో శ్రుతిని గీచి గీచి చూడాల్సిన అవసరం వచ్చింది.

ఇక్కడ జెర్రీ బర్డ్ వస్తాడు. ఒహాయో రాష్ట్రంలోని లైమా అనే ఊళ్లో 1920లో పుట్టాడు. హవాయి సంగీతం విని మనసు పారేసుకున్నాడు, పొట్టకూటికి కంట్రీ పాటలకు వాయించాడు. హ్యాంక్ విలియమ్స్‌ను తారను చేసిన ‘లవ్‌సిక్ బ్లూస్’ రికార్డింగులో (1948 డిసెంబరు 22, సిన్సినాటిలోని హెర్జోగ్ స్టూడియో) స్టీల్ గిటారు ఇతనిదే. మరుసటి ఆగస్టులో అదే స్టూడియోలో చేసిన ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’లో వినిపించేదీ ఇతనే. 1972లో హవాయికే వెళ్లి స్థిరపడి, 2005లో హోనలూలులో పోయాడు. 1930ల చివర్లో బర్డ్ పట్టుకున్న ట్యూనింగు సి6. ఈనాటికీ పెడళ్లు లేని స్టీల్ నేర్చుకోబోయేవాడికి ముందుగా చేతికిచ్చేది ఇదే.

సి6 అంటే మందపు తీగ నుంచి సి, ఇ, జి, ఎ, సి, ఇ. మన భాషలో చెప్పాలంటే స గ ప ధ స గ: మోహన రాగంలో రిషభాన్ని తీసేస్తే మిగిలేవి. పాత స గ ప కి ఒక్క ధైవతం కలిపాడు, అంతే. ఆ ఒక్క స్వరం చేసిన పనేమిటో చూడండి. కింది మూడు తీగలు మీటితే సి, ఇ, జి, నిండైన మేజర్ కార్డ్. పై మూడు తీగలు మీటితే ఎ, సి, ఇ, అచ్చమైన మైనర్. కడ్డీ కదలలేదు, కుడిచేతి వేళ్లు మాత్రం ఒక అంగుళం పక్కకు జరిగాయి, సంతోషం దుఃఖమైపోయింది.

లెక్క వేస్తే దీని అందం ఇంకా తెలుస్తుంది. కిందినుంచి మూడో తీగ తర్వాత వచ్చే ఎ తీగను 220 హెర్ట్జ్‌కు బిగించామనుకుందాం. పియానో పద్ధతిలో, అంటే స్థాయిని పన్నెండు సమాన భాగాలు (అర్ధస్వరాలు) చేసే పద్ధతిలో, మిగతా తీగలు 130.8, 164.8, 196, 261.6, 329.6 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. కానీ స్టీల్ వాద్యకారుడు చెవిని నమ్ముతాడు. విస్పందనాలు ఆగిపోయేదాకా బిరడా తిప్పుతాడు. అలా చెవితో బిగించిన ఆరు తీగలూ ఆదర్శ స్థితిలో ఇక్కడ నిలుస్తాయి: 132, 165, 198, 220, 264, 330. ఈ ఆరింటినీ 11తో భాగిస్తే 12, 15, 18, 20, 24, 30. అన్నీ చిన్న పూర్ణాంకాలు. మొదటి మూడింటి నిష్పత్తి 4:5:6, ప్రకృతిలో దొరికే అత్యంత పొందికైన మేజర్. చివరి మూడింటిది 10:12:15, అంతే పొందికైన మైనర్. రెండు కార్డులూ ఒకే ట్యూనింగులో, ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా ఇమిడిపోయాయి.

చిన్న పూర్ణాంకాల్లో అంత మహత్తేముందంటే, తీగ ఎప్పుడూ ఒక్క పౌనఃపున్యంతో మోగదు. దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా అనుస్వరాలన్నీ వెంట పలుకుతాయి. పియానో మీద 130.8 హెర్ట్జ్ సి కి ఐదో అనుస్వరం 654 దగ్గర, 164.8 హెర్ట్జ్ ఇ కి నాలుగో అనుస్వరం 659 దగ్గర పడతాయి. తేడా ఐదు, కాబట్టి సెకనుకు ఐదుసార్లు ఊగులాట. పియానో స్వరం త్వరగా వాడిపోతుంది కనుక మనం పట్టించుకోం. స్టీల్ మీద 132కి ఐదింతలూ 660, 165కి నాలుగింతలూ 660. ఊగులాట సున్నా. అంతర గాంధారాన్ని పియానో కంటే ఒక పిసరు తగ్గించి (అర్ధస్వరంలో ఏడో వంతు) పలికించడం వీణ వాయించే మనవాళ్లకు కొత్త కాదు. ఆ పిసరు తగ్గింపునే స్టీల్ వాద్యకారులు గాంధారాన్ని తీపి చేయడం అంటారు.

పైగా ఇక్కడే కడ్డీ వంగకపోవడం వరమవుతుంది. విడి తీగల మీద సాధించిన ఆ పొందిక, కడ్డీ ఎక్కడికి జరిగినా నిష్పత్తులు మారవు కాబట్టి, చెక్కుచెదరకుండా వెంట వస్తుంది. మెట్లున్న గిటారుకు ఆ భాగ్యం లేదు. ఒక కార్డ్‌కు సరిపోయేలా గాంధారాన్ని సవరిస్తే పక్క కార్డ్ పాడవుతుంది.

కానీ ఒకే కార్డ్‌తో పాట నడవదు. సి శ్రుతిలో పాడే పాటకు సి, ఎఫ్, జి మూడూ కావాలి. సి6 మీద ఎఫ్ ఐదో మెట్టు దగ్గర, జి ఏడో మెట్టు దగ్గర. 22.5 అంగుళాల తీగ మీద విడి తీగ నుంచి ఐదో మెట్టుకు 143 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ఏడుకు మరో 47. ఈ దూరాలన్నీ కడ్డీ ప్రయాణం చేయాల్సిందే, ప్రయాణం చేస్తుంటే వినబడక తప్పదు. పాత కంట్రీ పాటల్లో ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు వచ్చే ఆ నిట్టూర్పు భావం కోసం పెట్టింది కాదు, ముందు అవసరం కొద్దీ వచ్చింది. మంచి వాద్యకారుడు ఆ జారును ఎక్కడ వినిపించాలో, ఎక్కడ తీగలను అరచేత్తో మూసి దాచాలో తెలిసినవాడు.

అసలు పరీక్ష జి7 దగ్గర. పాట ముగింపుకు ముందు వచ్చే ఆ కార్డ్‌లో బి, ఎఫ్ అనే రెండు స్వరాల మధ్య ఒక ఇబ్బందికరమైన దూరం ఉంటుంది. చెవి దాన్ని భరించలేక ‘ఇంటికి పోదాం’ అంటుంది. సి6లో ఏ రెండు తీగల మధ్యా ఆ దూరం లేదు. కడ్డీని అడ్డంగా ఎక్కడ పెట్టినా రాదు. అయితే కడ్డీ వంగకపోయినా వాలుతుంది. పైనుంచి నాలుగో తీగ జి, రెండో తీగ సి. నాలుగో తీగ మీద నాలుగో మెట్టు బి. రెండో తీగ మీద ఐదో మెట్టు ఎఫ్. కడ్డీ మొనను ముందుకు తోసి ఈ రెండు చుక్కలనూ కలిపేలా ఏటవాలుగా పెడితే జి7 ప్రాణం పలుకుతుంది. ఇప్పుడు మణికట్టు తిప్పి అదే కడ్డీని ఎదురు వాలుకు మార్చండి: నాలుగో తీగ ఐదో మెట్టు మీదికి, రెండో తీగ నాలుగో మెట్టు మీదికి. బి పైకెక్కి సి అయింది, ఎఫ్ దిగి ఇ అయింది. రెండు స్వరాలు ఎదురెదురుగా నడిచి ఇంటికి చేరాయి. మణికట్టు ఒక్కసారి తిరిగింది, అంతే.

చెప్పినంత తేలిక కాదు. తీగల మధ్య ఎడం 9.5 మిల్లీమీటర్లనుకుంటే రెండో తీగకూ నాలుగో తీగకూ మధ్య 19. నాలుగో, ఐదో మెట్ల మధ్య దూరం 25 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే కడ్డీని అడ్డం గీత నుంచి 53 డిగ్రీలు వాల్చాలి, వేళ్లు మెలికపడతాయి. అదే ఒక స్థాయి పైన, పదహారో, పదిహేడో మెట్ల దగ్గర దూరం సగానికి సగం. 34 డిగ్రీలు చాలు. వాలు ప్రయోగాలు మెడ పై సగంలో హాయిగా ఎందుకు ఉంటాయో ఇది చెబుతుంది. ఇంకో మెలిక: ఈ రెండు తీగల నడుమ ఉన్న ఎ తీగ మీద కడ్డీ ఇంచుమించు నాలుగున్నరో మెట్టులో పడుతుంది. ఏ స్వరమూ కాని చోటు అది. దాన్ని మీటకూడదు, మోగనివ్వకూడదు. అందుకే వాలులో నికరంగా దొరికేవి రెండు స్వరాలే. మూడు స్వరాల వాలులో ఏదో ఒకటి రాజీ పడుతుంది.

ఈ కష్టమంతా వద్దనుకున్నవాళ్లు ఏడో స్వరాన్ని ట్యూనింగులోనే కలిపేసుకున్నారు. ఇ7: బి, డి, ఇ, జి షార్ప్, బి, ఇ. దీనికి సి షార్ప్ కూడా జోడిస్తే ఇ13 కుటుంబం. బాబ్ విల్స్ తరహా వెస్టర్న్ స్వింగ్ బృందాలకు ఇది ప్రాణం, మెకాలిఫ్ మీటిన నిండు కార్డులు ఇందులోవే. వీటిలో కడ్డీ అడ్డంగా పెట్టి నాలుగు తీగలు మీటితే జాజ్ బృందంలో బాకాలన్నీ ఒక్కసారి ఊదినట్టుంటుంది. అయితే ఎంత కలిపితే అంత ఏరుకోవాలి. ఎ మేజర్ మీద ఆరు తీగలూ ఒక ఊపున మీటినవాడు ఇ13 మీద అలా మీటితే సాదా కంట్రీ పాటలో గోల అవుతుంది. వద్దన్న తీగలను వదిలేస్తూ, మోగుతున్నవాటిని మూసేస్తూ, కుడిచేయి రెట్టింపు పని చేయాలి. నా మట్టుకు నాకు, విషాద గీతాలకు 13 కంటే 6 ట్యూనింగే నప్పుతుంది. 13లో ఎప్పుడూ కాస్త షోకు ఉంటుంది.

హెల్మ్స్‌ది ఇ6: ఇ, జి షార్ప్, బి, సి షార్ప్. సి6ను నాలుగు అర్ధస్వరాలు పైకి ఎత్తితే ఇదే వస్తుంది. నిష్పత్తులవే, కార్డులవే. మరి ధ్వని అంత వేరుగా ఎందుకుంది? బర్డ్ సి6 తేనెలా మెత్తగా ఉంటుంది, హెల్మ్స్ ఇ6 బ్లేడులా కోస్తుంది.

కొంత కారణం స్థాయి. హ్యాంక్ పాటల ప్రచురణకర్త, రికార్డింగుల పెద్ద అయిన ఫ్రెడ్ రోజ్, హ్యాంక్ గొంతుకు అడ్డం రాకుండా పై స్థాయిలోనే వాయించమని హెల్మ్స్‌కు చెప్పాడు. అందులో శాస్త్రముంది. ఒకే పౌనఃపున్య పట్టీలో రెండు ధ్వనులు పడితే బలమైనది బలహీనమైనదాన్ని కప్పేస్తుంది. గొంతు ఒక అంతస్తులో, స్టీల్ ఇంకో అంతస్తులో ఉంటే రెండూ వినబడతాయి, జ్యూక్‌బాక్సు స్పీకరు ఎంత నాసిరకమైనా సరే.

మిగతా కారణం తీగ. ఒక తీగను నాలుగు అర్ధస్వరాలు పైకి లాగాలంటే తన్యతను 59 శాతం పెంచాలి. సి6కు బిగించిన తీగలనే ఇ6కు లాగబోతే పై తీగ బతకదు. సన్న తీగ వేయాలి. అయితే సన్నదైనా మందమైనా, ఒక ఉక్కు తీగ తెగకుండా పలకగల గరిష్ఠ స్వరం ఒకటే అంటే చాలామంది నమ్మరు. మందం పెంచితే తీగ బలం పెరుగుతుంది, బరువూ అంతే పెరుగుతుంది, ఆ బరువును అదే స్వరానికి ఊపడానికి కావలసిన తన్యతా అంతే పెరుగుతుంది. లెక్కలో మందం రద్దయిపోతుంది. మిగిలేది తీగ పొడవు, ఉక్కు నాణ్యత. వాద్యానికి వాడే సన్నని ఉక్కు తీగ సుమారు 2500 మెగాపాస్కళ్ల ఒత్తిడి దరిదాపుల్లో తెగుతుంది. పై తీగను 415 హెర్ట్జ్ జి షార్ప్‌కు లాగాలనుకోండి. 22.5 అంగుళాల మెడ మీద ఉక్కులో ఒత్తిడి 1770 చిల్లర, నిశ్చింత. 26 అంగుళాల మెడ మీద అదే స్వరానికి 2360. ఇవాళ కాకపోతే రేపు, పాట మధ్యలో తెగుతుంది. లియో ఫెండర్ కంపెనీ 1950ల్లో చేసిన స్ట్రింగ్‌మాస్టర్ వాద్యాలు 22.5, 24.5, 26 అంగుళాల మెడలతో దొరికేవి. పొడుగు మెడకు కింది స్వరాల గాంభీర్యం, పొట్టి మెడకు పై ట్యూనింగుల వెసులుబాటు.

పొట్టి మెడకు వేరే మూల్యం ఉంది. 22.5 అంగుళాల తీగ మీద పన్నెండో మెట్టు దగ్గర కడ్డీ ఒక మిల్లీమీటరు తప్పితే స్వరం ఆరు సెంట్లు తప్పుతుంది (అర్ధస్వరానికి వంద సెంట్లు). ఇరవై నాలుగో మెట్టు దగ్గర అదే మిల్లీమీటరుకు పన్నెండు సెంట్లు. హెల్మ్స్ తిరుగాడిన ఎత్తుల్లో కడ్డీ గుర్తుకు ఒక గీత మందం అటూ ఇటూ అయినా దొరికిపోతాడు. కంట్రీ స్టీల్లో కంపితం ఎందుకంత విడదీయరానిదైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. కడ్డీని సన్నగా ముందుకూ వెనక్కూ దొర్లిస్తే స్వరం ఒక బిందువు కాకుండా ఒక చిన్న పరిధి అవుతుంది. చెవి దాని మధ్యబిందువును స్వరంగా లెక్కగడుతుంది. తప్పు కప్పడానికి పుట్టిందో, సొగసు కోసం పుట్టిందో గానీ, బర్డ్ కంపితం విన్నవాళ్లకు ఆ ప్రశ్న తట్టదు.

ఒక్క ట్యూనింగు అన్నిటికీ చాలదని తేలాక వాద్యకారులు మెడలు పెంచుకుంటూ పోయారు. రెండు, మూడు, చివరికి నాలుగు. ఒక మెడ సి6, పక్కది ఇ13, ఇంకోటి ఎ6. నోయెల్ బాగ్స్ నాలుగు మెడల ఫెండర్ ముందు నిలబడి, ఒకే పాటలో మెడ నుంచి మెడకు దూకేవాడు. వాద్యం ఒళ్లోంచి లేచి కాళ్ల మీద నిలబడ్డ బల్ల అయింది.

1953 నవంబరు చివర్లో వెబ్ పియర్స్ ‘స్లోలీ’ పాటకు బడ్ ఐజాక్స్ పెడల్ తొక్కాడు. పెడళ్లు అంతకు ముందూ ఉన్నాయి, కానీ ట్యూనింగు మార్చుకోవడానికి చాటుగా వాడేవారు. ఐజాక్స్ స్వరం మోగుతుండగా తొక్కాడు. రెండు తీగలు పైకి వంగాయి, మూడోది కదలకుండా నిలిచింది. ఇ, జి షార్ప్, బి ఉన్న చోటే జి షార్ప్ ఎ గా, బి సి షార్ప్‌గా మారితే ఇ మేజర్ కాస్తా ఎ మేజర్ అవుతుంది; ఈనాటి పెడల్ స్టీల్ మొత్తం ఈ కదలిక మీదే నిలబడి ఉంది. కడ్డీ ఒక్క మిల్లీమీటరూ కదలనక్కర్లేదు. 1954లో ఆ పాట వారాల తరబడి మొదటి స్థానంలో ఉండేసరికి నాష్‌విల్‌లో స్టీల్ వాయించేవాళ్లందరూ తమ వాద్యాలకు పెడళ్లు బిగించుకునే పనిలో పడ్డారు.

అందరూ కాదు. హెల్మ్స్ తన పాత గిబ్సన్‌తోనే ఉన్నాడు. ప్యాట్సీ క్లైన్ ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’లో వినిపించేది ఆ వాద్యమే. హ్యాంక్ స్నో బృందంలో కేటన్ రాబర్ట్స్ పెడళ్లు లేని స్ట్రింగ్‌మాస్టర్‌తో 1960ల చివరి నుంచి దశాబ్దాల పాటు నెట్టుకొచ్చాడు. ఇప్పుడు సిండీ క్యాష్‌డాలర్, క్రిస్ స్క్రగ్స్ లాంటివాళ్ల చేతుల్లో ఆ ధ్వని మళ్లీ వేదికలెక్కుతోంది. పెడల్‌తో స్వరం వంచడానికీ, కడ్డీతో కార్డ్ మొత్తాన్ని ఈడ్చుకు రావడానికీ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. మొదటిదాంట్లో ఒక స్వరం నిలిచి పక్కది కదులుతుంది, రెండోదాంట్లో అన్నీ ఒకే పట్టున కదులుతాయి.

సి6తో మొదలుపెట్టినవాళ్లు కొన్నాళ్లకు చేసే మొదటి మార్పు బర్డ్ చేసిందే. కింది సి తీగను అర్ధస్వరం పెంచి సి షార్ప్ చేస్తారు. ఆ తీగతో కలిపి సి షార్ప్, ఇ, జి, ఎ మీటితే ఎ7 వచ్చేస్తుంది, మణికట్టు తిప్పే పని లేకుండా. బర్డ్ ఏడో తీగ వేసుకుని సి, సి షార్ప్ రెండూ ఉంచుకున్నాడు. ఇక్కడ ఇందాకటి లెక్క మొరాయిస్తుంది. ఎ7 విస్పందనాలు లేకుండా పలకాలంటే జి తీగ 192.5 హెర్ట్జ్ దగ్గర ఉండాలి, అప్పుడే ఎ కి ఏడో అనుస్వరంతో కలుస్తుంది. సి మేజర్‌కు అదే తీగ 198 దగ్గర కావాలి. అర్ధస్వరంలో దాదాపు సగం తేడా. ఒకే తీగ, ఇద్దరు యజమానులు. సి షార్ప్ తీగ తోడైనప్పుడు చాలామంది జి ని 198 దగ్గరే వదిలేసి, ఎ7 వచ్చినప్పుడు ఆ తీగను కాస్త మెల్లగా మీటి, కంపితం కొంచెం ఎక్కువ వేసి గట్టెక్కేస్తారు.